కణుపు దగ్గర గొట్టం ఉందా? నాట్‌వీడ్ మొక్కల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

రెండేళ్ల కిందట మా అన్న కొడుకు ఇంగ్లండు నుంచి ఫోన్ చేశాడు. "చిన్నాయనా, ఇక్కడ ఇల్లు కొంటున్నా, ఆ ఇంటి కాగితాల్లో జపనీస్ నాట్‌వీడ్ ఉందా లేదా అని ఒక గడి ఉంది, ఇదేం మొక్క, దీనికింత టెన్షన్ ఎందుకు" అని అడిగాడు. కర్నూల్లో ఏళ్ల తరబడి డిగ్రీ పిల్లలకి బాటనీ చెప్పినవాణ్ణి కాబట్టి నన్నడిగాడు. వాడికి చెప్పిన సంగతి ఇంట్లోవాళ్లు విన్నారు, వాళ్లు ఇంకొకరికి చెప్పారు, ఇక అప్పట్నుంచి ఫోటోలు వస్తూనే ఉన్నాయి. ఇది నాట్‌వీడేనా సార్, అది నాట్‌వీడేనా సార్ అని. అందరికీ విడివిడిగా చెప్పలేక అన్నీ ఇక్కడ రాస్తున్నా.

నాట్‌వీడ్ అంటే అసలు ఏ మొక్క?

ఒక మొక్క కాదు. పోలిగోనేసి అనే కుటుంబంలో ఉండే చాలా మొక్కలకి ఇంగ్లీషు వాళ్లు పెట్టుకున్న వాడుక పేరు. నాట్ అంటే ముడి. కాండం మీద ఆకు పుట్టే చోట, అంటే కణుపు దగ్గర, ముడి వేసినట్టు ఉబ్బి ఉంటుంది. పోలిగోనమ్ అన్న శాస్త్రీయ నామం కూడా అక్కడి నుంచే వచ్చింది, గ్రీకులో పోలీ అంటే చాలా, గోను అంటే మోకాలు, కలిపితే "చాలా మోకాళ్లున్నది". మా క్లాసులో ఒక పిల్లాడు "మా అవ్వ మోకాళ్ల మాదిరి ఉన్నాయి సార్" అన్నాడు, అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

ఈ కుటుంబాన్ని 1789లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఆంట్వాన్ లారాన్ ద జూసియే ఏర్పరిచాడు. ప్రపంచం మొత్తం మీద సుమారు 50 ప్రజాతులు, 1200 జాతుల దాకా ఉంటాయి. చలి దేశాల్లో ఎక్కువ, మన వైపు తక్కువ. తక్కువే అయినా మీ వంటింట్లో ఒకటి ఉంది, దాని సంగతి కింద వస్తుంది.

తెలుగులో వీటిని ఏమంటారు?

కుటుంబం మొత్తానికి వాడుకలో ఉన్న తెలుగు పేరంటూ లేదు. నీళ్ల పక్కన పెరిగే రకాలకి నీరుగన్నేరు అన్న పేరుంది, ఆకులు గన్నేరు ఆకుల్లా సన్నగా, పొడుగ్గా ఉంటాయి కాబట్టి. అయితే ఊళ్లో కాలువ గట్టు మీద ఎవరినైనా అడిగి చూడండి, "అదా, కసువు" అనేసి పోతారు. క్లాసులో నేను కణుపు మొక్కలు అని చెప్పేవాణ్ణి, అది నేను పెట్టుకున్న పేరు, పుస్తకంలో వెతక్కండి.

ఫోటో పంపితే చెప్పగలరా? మేమే గుర్తుపట్టేది ఎట్లా?

ఫోటో చాలాసార్లు పనికిరాదు, ఎందుకంటే అందరూ పువ్వు ఫోటో తీస్తారు, నాకు కావాల్సింది కణుపు. పువ్వును పక్కన పెట్టి కాండాన్ని చూడండి. ఆకు కాడ కాండానికి అతుక్కున్న చోట, కణుపుకి కొంచెం పైన, కాండం చుట్టూ పలచని పొర ఒకటి గొట్టంలా చుట్టుకుని ఉంటుంది. చొక్కా చెయ్యి మణికట్టు మీదికి దిగినట్టు. దీన్ని ఓక్రియా అంటారు. ఆకు మొదట్లో రెండు పక్కలా ఉండాల్సిన పత్రపుచ్ఛాలు రెండూ కలిసిపోయి ఇలా గొట్టమయ్యాయి. లేత మొగ్గని ఈ పొరే చుట్టి కాపాడుతుంది, కొమ్మ ఎదిగేకొద్దీ దాన్ని చీల్చుకుని బయటికొస్తుంది, అందుకే ముదిరిన కణుపుల దగ్గర అది చిరిగిపోయి గోధుమరంగు పేలికలా కనిపిస్తుంది.

మీరు నమ్మకపోతే రేపు మార్కెట్‌కి పోయి చుక్కకూర కట్ట తెచ్చుకోండి. కాడలు తెంపి కట్టింది వద్దు, వేరుతో సహా పీకిన కట్ట కావాలి. మట్టి కడిగేసి, ఆకు కాడని మొదలు దాకా మెల్లగా పక్కకి వంచండి. ఉల్లిపొర కంటే పలచని తెల్లటి పొర కాడ మొదట్లో కాండాన్ని పట్టుకుని ఉంటుంది, గోటితో గీరితే లేచి వస్తుంది. తడిగా ఉన్నప్పుడు గాజులా ఉంటుంది కాబట్టి కనపడదు, వెలుతురుకి అడ్డం పెట్టి చూడాలి. మా ఇంట్లో కూర ఒలిచేటప్పుడు ఇదంతా చూపించబోతే "పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది, ముందు ఆకు ఇటియ్యి" అని కసిరారు, అది వేరే సంగతి.

ఈ గొట్టం కనిపిస్తే నూటికి తొంభైతొమ్మిది పాళ్లు అది ఈ కుటుంబమే. వేరే కుటుంబాల్లో ఇంత స్పష్టంగా ఉండదు.

అంటే చుక్కకూర కూడా నాట్‌వీడేనా?

నాట్‌వీడ్ కాదు, నాట్‌వీడ్ కుటుంబం. ఇంటిపేరు ఒకటే, ఊరు వేరు అనుకోండి. చుక్కకూర శాస్త్రీయ నామం రూమెక్స్ వెసికేరియస్. వెసికేరియస్ అంటే తిత్తిలా ఉబ్బినది. మనం పూత రాకముందే పీకేసి తింటాం కాబట్టి చాలామంది దాని కాయ చూడనే లేదు. మడిలో రెండు మొక్కలు వదిలేయండి, కాయ చుట్టూ గులాబీరంగు కాగితపు రెక్కలు పెరిగి, ఊదిన బుడ్డల్లా వేలాడతాయి. మందంగా, నీరు పట్టినట్టుండే ఆకుల మధ్య ఆ రంగు చూస్తే ఇది వంటింటి మొక్క అని అనిపించదు. ఆ రెక్కలు పువ్వు లోపలి వరస రేకులే, పువ్వు వాడాక రాలిపోకుండా పెరిగి కాయని కప్పుతాయి, గాలికి కాయ ఎగరడానికి అవే సాయం.

గోంగూర కూడా పుల్లగా ఉంటుంది కదా, అదీ ఇదే కుటుంబమా?

కాదు. గోంగూర బెండ, పత్తి కుటుంబం. పులుపుని బట్టి చుట్టరికం కలపలేం.

ఒక పుస్తకంలో పోలిగోనమ్ అని ఉంది, ఇంకో దాంట్లో అదే మొక్కకి పెర్సికేరియా అని ఉంది. ఏది కరెక్టు?

పోటీ పరీక్షలకి చదివే పిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే, తిట్టుకునేదీ దీన్నే.

1753లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ ఈ రకం మొక్కల్ని చాలావరకు పోలిగోనమ్ అన్న ఒకే గంపలో వేశాడు. నేల మీద పాకే చిన్న కలుపు, నీళ్లలో నిలబడే పెద్ద మొక్క, తీగ, బక్‌వీట్ అనే ధాన్యం, అన్నీ అందులోనే. మరుసటి ఏడాదే, 1754లో, ఫిలిప్ మిల్లర్ అనే ఇంగ్లీషు తోటమాలి పెర్సికేరియానీ, బక్‌వీట్ ప్రజాతి ఫాగోపైరమ్‌నీ విడిగా పెట్టాడు. పెర్సికేరియా అంటే పీచ్ చెట్టు ఆకుల్లాంటి ఆకులున్నది అని. 1763లో ఆడాన్సన్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త తీగ రకాలకి ఫలోపియా అన్నాడు. 1777లో డచ్చివాడు హౌటైన్ జపాన్ మొక్క ఒకదానికి రేనూట్రియా జపోనికా అని పేరు పెట్టాడు. అయినా తర్వాత వచ్చిన వాళ్లలో చాలామంది వీటిని పట్టించుకోకుండా మళ్లీ అన్నిటినీ పోలిగోనమ్‌లోకే తోశారు. బ్రిటిష్ కాలంలో మన మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కల మీద రాసిన పుస్తకాల్లో అన్నీ పోలిగోనమ్ అనే ఉంటాయి, అది తప్పు కాదు, అప్పటి లెక్క అది.

ఇరవయ్యో శతాబ్దం చివర్లో కాడల లోపలి నిర్మాణం, పుప్పొడి పరిశీలించారు, ఆ తర్వాత డీఎన్‌ఏ చూశారు. చూస్తే పైకి ఒకేలా కనిపించేవన్నీ ఒకే కొమ్మవి కావని తేలింది. ఇప్పుడు ఈ కుటుంబాన్ని మూడు ఉపకుటుంబాలుగా చేశారు: పోలిగోనాయిడీ, ఎరియోగోనాయిడీ, సిమ్మెరియాయిడీ. మనకి కావాల్సినవి దాదాపు అన్నీ మొదటి దాంట్లో ఉంటాయి. దాని లోపల మళ్లీ గుంపులున్నాయి, పోలిగోనమ్, ఫలోపియా, రేనూట్రియా ఒక గుంపు, పెర్సికేరియా, బిస్టోర్టా ఇంకో గుంపు, చుక్కకూర రూమెక్స్, రూబార్బ్ రియమ్ ఒక గుంపు, బక్‌వీట్‌కి దాని గుంపు దానికే. కాబట్టి పేరులో నాట్‌వీడ్ అని ఉన్నంత మాత్రాన రెండు మొక్కలూ దగ్గర బంధువులు అనుకోకండి.

పరీక్షలో ఏం రాయాలి అంటే, మీ సిలబస్ పుస్తకం ఏది చెప్తే అది రాయండి. పొలంలో మటుకు ఈ గుర్తు పెట్టుకోండి: పువ్వులు కొమ్మ చివర కంకిలా వస్తే పెర్సికేరియా, ఆకు చంకల్లో ఒకటీ రెండుగా దాక్కుంటే పోలిగోనమ్. ఇంకొంచెం దగ్గరగా చూస్తే పోలిగోనమ్ ఓక్రియా వెండిలా మెరుస్తూ అంచు చీలికలై ఉంటుంది, పెర్సికేరియాది గోధుమరంగు గొట్టంలా ఉంటుంది.

పువ్వు ఎలా ఉంటుంది?

చిన్నది, చాలా చిన్నది. రక్షక పత్రాలు, ఆకర్షణ పత్రాలు అని రెండు రకాలు ఉండవు, అన్నీ ఒకే రకం పరిపత్రాలు. సాధారణంగా ఐదు, చుక్కకూర గుంపులో మూడు, మూడు కలిపి ఆరు. కేసరాలు మూడు నుంచి తొమ్మిది దాకా, ఎక్కువ వాటికి ఎనిమిది లోపే. అండాశయంలో అండం ఒకటే, అందుకే కాయలో గింజా ఒకటే. కాయ పగలదు, ఎకీన్ అంటారు. అండాశయం మూడు ఫలదళాలతో అయితే కాయ మూడు మూలలుగా ఉంటుంది, రెండైతే పప్పుబద్దలా రెండు వైపులా ఉబ్బి ఉంటుంది. నున్నగా, నల్లగా మెరిసే మూడు మూలల గింజ చేతికి దొరికితే ఈ కుటుంబాన్ని అనుమానించొచ్చు.

మన కర్నూలు, అనంతపురం, కడప వైపు ఏవి కనిపిస్తాయి?

నీళ్లుంటే కనిపిస్తాయి, లేకపోతే లేదు. అనంతపురంలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్లకి అటూ ఇటూ, అలాంటి చోట ఈ మొక్కలు ఊరంతా ఎందుకుంటాయి? చెరువు అంచు, కాలువ గట్టు, వంక, వరి మడి, ఇవే వీటి చోట్లు. కర్నూల్లో మాకు అదృష్టం, తుంగభద్ర ఉంది, హంద్రీ వచ్చి కలుస్తుంది, సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా పోయే కేసీ కెనాల్ ఉంది. 1860లలో పడవలు కూడా తిరగాలని తవ్విన కాలువ అది, పడవలు పోయాయి, గట్టు మీద పెర్సికేరియా మిగిలింది.

పెద్దగా కనపడేది పెర్సికేరియా గ్లాబ్రా. గ్లాబ్రా అంటే నూగు లేనిది, నున్ననిది. నడుము ఎత్తు సులువుగా పెరుగుతుంది, కాండం ఎర్రగా, కణుపులు బాగా ఉబ్బి, కొమ్మ చివర గులాబీరంగు కంకులు గుత్తులుగా వస్తాయి. నీళ్లలోకి వాలిన కణుపు నుంచి వేర్లు దిగుతాయి, అక్కడి నుంచి కొత్త మొక్క లేస్తుంది. దాని పక్కనే చాలాసార్లు పెర్సికేరియా బార్బాటా ఉంటుంది, పూలు తెల్లవి. బార్బాటా అంటే గడ్డం ఉన్నది. గడ్డం ఎక్కడ అంటే ఓక్రియా పై అంచున, పొడుగాటి వెంట్రుకలు బ్రష్షు కుచ్చులా నిలబడి ఉంటాయి. గ్లాబ్రాకి ఆ కుచ్చు ఉండదు. రెంటినీ చెరో చేత్తో పట్టుకుని కణుపులు పక్కపక్కన పెట్టి ఒక్కసారి చూస్తే చాలు, ఇంక జీవితంలో తికమక పడరు.

మూడోది వేరే తరహా, పోలిగోనమ్ ప్లెబియమ్. ఇది లేచి నిలబడదు, చాప పరిచినట్టు నేలకి అంటుకుని పోతుంది. చెరువు ఎండి, అడుగు మట్టి నెర్రెలు ఇచ్చే ముందు, చలికాలంలో, ఆ తేమ మీద వస్తుంది. వరి కోసిన మళ్లలో కూడా. ఆకు గోరంత కూడా ఉండదు. కిందికి వంగి చూస్తే ప్రతి కణుపు దగ్గరా వెండి పొర, దాని పక్కన ఆవగింజంత గులాబీ పువ్వు. గొర్రెలు దీన్ని మేస్తుంటే చూశాను. ప్లెబియమ్ అంటే సామాన్యుడు అని, పేరు భలే కుదిరింది.

పొన్నగంటి కూరకి కూడా కణుపులు ఉబ్బి ఉంటాయి. తేడా ఏంటి?

మంచి ప్రశ్న, చాలామంది ఇక్కడే పొరపడతారు. పొన్నగంటికి ఆకులు కణుపుకి రెండు, ఎదురెదురుగా వస్తాయి. కణుపు మొక్కలకి ఒక కణుపు దగ్గర ఒకే ఆకు, తర్వాతి కణుపులో ఇంకో పక్కకి. పొన్నగంటికి గొట్టం ఉండదు, తెల్లటి పూల ఉండలు ఆకు చంకలో అతుక్కుని ఉంటాయి. అది తోటకూర కుటుంబం. ఇంకోటి వెన్నదేవి కూర, నీలం పువ్వుది, దానికి కణుపు దగ్గర తొడుగు ఉంటుంది కాబట్టి మోసపోతారు. కానీ ఆ తొడుగు ఆకు మొదలే, ఆకు లాగితే తొడుగూ దాంతో వస్తుంది. పైగా ఆకు ఈనెలు గడ్డిలో ఉన్నట్టు నిలువుగా సాగుతాయి.

అన్నట్టు తోటకూర మరీ పరాయిది కాదు. తోటకూర, బచ్చలి, కాగితంపూలు, కాక్టస్ మొక్కలు, మన కణుపు మొక్కలు అన్నీ కారియోఫిల్లేలిస్ అనే ఒకే క్రమంలో ఉంటాయి. అందరిలోకీ దగ్గర చుట్టం మాత్రం చిత్రమూలం ఉండే కుటుంబం. ఇంకో ముచ్చట, తోటకూర ఎరుపు, బీట్‌రూట్ ఎరుపు బీటలెయిన్ అనే రంగు వల్ల వస్తాయి, కణుపు మొక్కల కాండం ఎరుపు మాత్రం ఆంథోసయనిన్, మందారంలో ఉండే రకం. ఒకే క్రమంలో ఉంటూ రంగుల డబ్బాలు వేరు.

జపనీస్ నాట్‌వీడ్ మీద ఇంత గోల ఎందుకు?

మా అన్న కొడుకు అడిగింది ఇదే కాబట్టి కాస్త వివరంగా.

దాని సొంత ఊరు జపాన్, కొరియా, చైనా. జపాన్‌లో ఇతదోరి అంటారు, ఫూజీ పర్వతం మీద లావా చల్లారిన గుట్టల్లో ముందుగా మొలిచే మొక్కల్లో ఇదొకటి. అక్కడ దాన్ని తినే పురుగులున్నాయి, తెగుళ్లున్నాయి, బూడిద మీద పడుతుంటుంది, కాబట్టి అదుపులో ఉంటుంది. జర్మనీకి చెందిన ఫిలిప్ ఫ్రాంజ్ ఫాన్ జీబోల్ట్ అనే డాక్టరు జపాన్‌లో పని చేసి, వెనక్కి వస్తూ బోలెడు మొక్కలు తెచ్చి హాలండ్‌లో లైడెన్ ఊళ్లో నర్సరీ పెట్టాడు. 1847లో ఉట్రెక్ట్ వ్యవసాయ, ఉద్యాన సంఘం వాళ్లు ఈ మొక్కకి బంగారు పతకం ఇచ్చారు, ఆ ఏటి ఆసక్తికరమైన కొత్త అలంకారపు మొక్క అని! 1850లో ఒక పార్సిల్ లండన్ క్యూ గార్డెన్స్‌కి చేరింది. అక్కడి నుంచి తోటలకి, తోటల నుంచి రైలు కట్టలకి, వాగులకి.

వెదురులా బోలు కాండం, ఎర్రటి చుక్కలు, మూడు మీటర్ల దాకా ఎత్తు, ప్రతి కణుపు దగ్గరా దిక్కు మార్చుకుంటూ వంకర టింకరగా పోయే కొమ్మ. చలికాలంలో పైదంతా ఎండిపోతుంది, పోయిందిలే అనుకుంటారు, వసంతంలో నేల కింది దుంపకాండం నుంచి మళ్లీ లేస్తుంది. బ్రిటన్‌లో ఉన్నవన్నీ ఆడమొక్కలే, ఒకే మొక్కకి పుట్టిన నకళ్లు, వాటికి సొంతంగా మగ పుప్పొడి లేదు. గింజలతో పని లేకుండానే దేశమంతా పాకింది. దుంపకాండం ముక్క 0.7 గ్రాములది చాలు, కొత్త మొక్క వస్తుంది. ఒక గ్రాము కూడా కాదు! మట్టి తవ్వి లారీలో వేరే చోటికి తోలినప్పుడల్లా తామే నాటుతున్నారన్నమాట.

దీన్ని అడవుల్లో, బయలు నేలల్లో నాటడం, పెంచడం 1981 చట్టంతో అక్కడ నేరం. ఇల్లు అమ్మేవాళ్లు ఆ గడి నింపాలి, లేకపోతే బ్యాంకు లోను దగ్గర పేచీ. 2010లో జపాన్ నుంచి ఒక చిన్న రసం పీల్చే పురుగుని, అఫలారా ఇతదోరి అని, తెచ్చి వదిలారు, అది అనుకున్నంత వేగంగా నిలదొక్కుకోలేదు. ఇళ్లు కూలగొడుతుంది అన్న మాట మాత్రం పెంచి చెప్పింది. 2018లో లీడ్స్ యూనివర్సిటీ వాళ్లున్న బృందం పరిశీలించి, మామూలు చెట్ల కంటే ఇది కట్టడాలకి ఎక్కువ నష్టం చేస్తున్నట్టు లేదని తేల్చింది. పగులు ముందే ఉంటే దూరుతుంది, మన గోడల్లో రావి మొలక దూరినట్టు. వాడికి నేను చెప్పింది కూడా ఇదే, "గడిలో ఉన్నది అని రాసుంటే భయపడి పారిపోవద్దు, తీయించే ఖర్చు ఎవరిదో తేల్చుకుని ధర తగ్గించమను" అని. ఆ ఇంట్లో లేదని తేలింది, కొన్నాడు, ఇప్పుడు దొడ్లో పుదీనా ఆపలేక చస్తున్నాడు.

అది మన ఊరికి వస్తే?

చల్లటి వాతావరణం మొక్క అది, చలికి పడుకుని వసంతంలో లేవడం దాని అలవాటు. మే నెలలో కర్నూలు ఎండలో అది ఏం చేస్తుంది? ఈ చుట్టుపక్కల నేనెప్పుడూ చూడలేదు. మీరు పంపే "జపనీస్ నాట్‌వీడ్" ఫోటోల్లో సగం పెర్సికేరియా గ్లాబ్రా, మిగతా సగం తూటికాడ. భయపడాలనుకుంటే మనకి వయ్యారిభామ ఉంది, సర్కారు తుమ్మ ఉంది, చెరువుల్లో గుర్రపుడెక్క ఉంది. వాటిని వదిలేసి జపాన్ దాన్ని తల్చుకుని నిద్ర చెడగొట్టుకోవడం ఎందుకు.

గోడ మీద పాకే గులాబీ పూల తీగ కూడా ఈ కుటుంబమే అంటారు, నిజమేనా?

నిజమే. యాంటిగోనన్ లెప్టోపస్, ఇంగ్లీషులో కోరల్ వైన్. పాత క్వార్టర్ల కాంపౌండు గోడల మీద, కంచెల మీద గులాబీ రంగు పూల గుత్తులతో, గుండె ఆకారం ఆకులతో ఉంటుంది, పొద్దున పూట తేనెటీగల రొద. మెక్సికో నుంచి వచ్చింది. పైన చెప్పిన గొట్టం దీనికి సరిగా కనపడదు, కణుపు దగ్గర సన్నని గీత మాత్రమే, కాబట్టి గొట్టం కనపడనంత మాత్రాన ఈ కుటుంబం కాదనలేం. ఇది ఎరియోగోనాయిడీ వైపు మొక్క, ఆ ఉపకుటుంబంలో చాలావాటికి ఓక్రియా ఉండదు. నేలలో దుంపలుంటాయి, పైన కోసినంత మాత్రాన పోదు, తెలిసి నాటుకోండి.

ఇవి తినొచ్చా?

చుక్కకూర తింటున్నాం కదా. పుల్లగూరలో చుక్కకూర పడితేనే రుచి, పప్పుగుత్తితో బాగా ఎనిపి, సంగటి ముద్దలో గుంత చేసి పోసుకుంటే ఇంకేం కావాలి. ఆ పులుపులో ఆక్సాలిక్ ఆమ్లం ఉంది. మూత్రపిండాల్లో కాల్షియం ఆక్సలేట్ రాళ్లున్నవాళ్లు తరచుగా తినకూడదు, డాక్టరుని అడిగి తినాలి. పెరుగుతో కలిపి తింటే కాల్షియం ఆ ఆమ్లాన్ని పేగులోనే కొంత పట్టేస్తుంది, ఒంటికి ఎక్కేది తగ్గుతుంది, అంతేగానీ పూర్తిగా పోదు.

కాలువ గట్టు మీది పెర్సికేరియాలు తినకండి. వాటిలో హైడ్రోపైపర్ అనే జాతి ఉంది, ఇంగ్లీషులో నీటి మిరియం అన్న అర్థం వచ్చే పేరు. ఆకు కొరికితే ముందు ఏమీ అనిపించదు, ఒక్క క్షణం ఆగి నాలుక భగ్గుమంటుంది. పాలీగోడియల్ అనే పదార్థం వల్ల. జపాన్‌లో దాని మొలకల్ని పచ్చి చేప ముక్కల పక్కన పెట్టుకుంటారు, వియత్నాంలో ఇంకో పెర్సికేరియాని మనం కొత్తిమీర వేసుకున్నట్టు వేసుకుంటారు. వాళ్లు పెంచుకున్నది వాళ్లు తింటున్నారు. మన గట్టు పక్కన ఊరి మురుగు, పొలం మందులు అన్నీ కలుస్తాయి, అక్కడి ఆకు నోట్లో పెట్టుకోవద్దు.

ఉత్తరాది వాళ్లు ఉపవాసానికి తినే కుట్టు పిండి కూడా ఇదేనట?

అవును, అదే బక్‌వీట్, ఫాగోపైరమ్ ఎస్కులెంటమ్. పేరులో వీట్ ఉంది కానీ గోధుమకి ఏ సంబంధమూ లేదు, గడ్డిజాతే కాదు, అందుకే ఉపవాసంలో ధాన్యం కింద లెక్క వేయరు. గ్లూటెన్ లేదు. గింజ చూస్తే మూడు మూలలు, పైన చెప్పిన ఎకీన్ ఇదే. హిమాలయాల వైపు పండుతుంది. పిండి పాతబడితే త్వరగా పాడవుతుంది, కొంచెం కొంచెం తెచ్చుకోండి.

కడప నీలిమందుకీ వీటికీ సంబంధం ఉందా?

లేదు, కానీ ఎందుకు అడుగుతారో తెలుసు. జపాన్‌లో నీలం రంగు తీసేది పెర్సికేరియా టింక్టోరియా నుంచి. కడప నీలికి ఒకప్పుడు మంచి పేరు, దాన్ని తీసింది ఇండిగోఫెరా టింక్టోరియా నుంచి, అది చిక్కుడు, కంది కుటుంబం. రెండు మొక్కలకీ చుట్టరికం లేదు, రెండిట్లోనూ ఆకు నానబెడితే వచ్చే రంగు మాత్రం ఒకటే, ఇండిగో. టింక్టోరియా అంటే అద్దకానికి పనికొచ్చేది అని, అందుకే రెండిటికీ చివర అదే పేరు.

వరి మడిలో, గెనెం పక్కన ఇవి వస్తే ఏం చేయాలి?

పూత రాకముందు పీకాలి. గింజ రాలితే మట్టిలో చాలాకాలం చావకుండా ఉంటుంది, ఒకేసారి మొలవదు, ఏడాదికి కొన్ని చొప్పున మొలుస్తుంది. పీకింది అక్కడే తడి గెనెం మీద వేయొద్దు, ఇదే అందరూ చేసే తప్పు, కణుపు తడి తగిలితే వేరేస్తుంది. ఎండలో ఆరేసి, బాగా వాడి ముడుచుకున్నాకే పారేయండి. వేసవి దుక్కి మన ఎండకి బాగా పని చేస్తుంది. మందు కొట్టాలంటే నన్నడక్కండి, మీ మండల వ్యవసాయాధికారిని అడగండి. నీళ్ల పక్కన మందు కొట్టడం వేరే లెక్క, చేపలుంటాయి, కింద ఊరి వాళ్లు తాగుతారు.

బుడ్డల (వేరుశనగ) చేలో ఇది రాదు, మెట్ట నేల దీనికి పడదు.

మందుగా వాడొచ్చా?

ఈ కుటుంబంలో పచారీ అంగట్లో దొరికేది రేవల్చిన్ని, రియమ్ వేరు. విరేచనానికి వాడేవాళ్లు. మిగతావాటి గురించి తిరిగే మెసేజీల్ని పట్టించుకోవద్దు. ఒకాయన పెర్సికేరియా రసం తాగితే రాళ్లు కరుగుతాయని పంపాడు, ఆక్సలేట్ ఉన్న కుటుంబం రసం తాగి ఆక్సలేట్ రాయి కరిగించుకోవడం ఏమిటో మీరే ఆలోచించండి.

చూడాలంటే ఎప్పుడు, ఎక్కడికి పోవాలి?

వానలు తగ్గి కాలువల్లో నీళ్లు నిలకడగా పారే రోజుల నుంచి సంక్రాంతి దాకా. కర్నూలు వాళ్లు కేసీ కెనాల్ గట్టు, అనంతపురం వాళ్లు హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) నీళ్లు చేరే చెరువుల అంచులు, శింగనమల చెరువు వైపు, కడప వాళ్లు బుగ్గవంక, పెన్నా ఒడ్డు. ప్లెబియమ్ కావాలంటే ఇంకొంచెం ఆగి, చెరువు నీళ్లు వెనక్కి పోయి అడుగు బయటపడ్డాక పోండి. చేతి భూతద్దం పది రెట్లది చాలు. పొద్దున్నే పోవాలి, పదింటికల్లా ఎండ నెత్తికెక్కుతుంది. రబ్బరు చెప్పులేసుకుని దిగకండి, గట్టు జారుతుంది, పోయినసారి నా చెప్పొకటి కాలువలో కొట్టుకుపోయింది, నీరుగన్నేరు కొమ్మ పట్టుకుంటే అది కణుపు దగ్గర టప్పున విరిగింది.